దాచిపెట్టిన హల్లెలూయ

రాళ్లమిట్ట, బద్వేలు దగ్గర
ఫిబ్రవరి 10, 2025

అక్క విశ్వాసమ్మకు తమ్ముడు దాసన్న వందనాలు.

ఇక్కడ అందరం దేవుని కృపలో బాగున్నాము. బావ దేవదానం గారి పాత మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. మా శనగ పీకడం అయిపోయింది. పంట పరవాలేదు.

ఒక మాట అడుగుదామని రాస్తున్నాను. ఈ ఏడు ఈస్టర్ ఏప్రిల్ ఇరవైన వచ్చింది. పండుగకు నువ్వు మన ఊరికి రావాలి. శనివారమే వస్తే మంచిది. తెల్లవారి ఆరాధనకు అందరితో పాటు సమాధుల తోటకు పోదాం. నాయన సమాధికి, అమ్మ సమాధికి ఈ నెలలోనే సున్నం కొట్టించాను.

వచ్చినప్పుడు పాట సంగతి కూడా మాట్లాడుకుందాం. ఏ పాటో నీకు చెప్పనక్కరలేదు.

ఫోన్ చేయవద్దు. మా ఇంట్లో సిగ్నల్ సరిగా రావడం లేదు. ఉత్తరమే రాయి.

నీ తమ్ముడు
దాసన్న


ఓర్వకల్లు
ఫిబ్రవరి 19

దాసన్నకు అక్క దీవెనలు.

పోస్టుమన్ నా పేరు పెట్టి పిలిస్తే ఆధార్ కార్డేదో వచ్చిందనుకున్నాను. తీసుకుంటే పైన నీ చేతిరాత. ఎవరికేమైందో అని వాకిట్లో నిలబడే కవరు చింపాను. తీరా చూస్తే శనగ పీకడం, సమాధులకు సున్నం!

సిగ్నల్ లేదని రాశావు. నీ కొడుకు శామ్‌కు ఫోన్ చేస్తే మోగీ మోగకముందే ఎత్తాడు. మీ ఇంట్లోనే కూర్చొని ఉన్నాడట. అబద్ధం ఆడటం నీకు చిన్నప్పుడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాలేదు. ఒక సంగతి అడుగుతాను. క్రిస్మస్‌కు నేను ఫోన్ చేసి, మీ బావ మెట్ల మీద జారి పడ్డాడని చెబితే నువ్వేమన్నావో గుర్తుందా? "శానా సంతోషమక్కా, దేవుడు మేలు చేసినాడు" అన్నావు. మీ బావ నవ్వి ఊరుకున్నాడు గానీ నాకు మాత్రం గుండె చివుక్కుమంది. తమ్ముడి మనసు ఇంతగా విరిగిందా అనుకున్నాను.

నలభై ఒక్క ఏళ్లు, దాసన్నా. పెళ్లిళ్లకు పిలిచావు, వచ్చాను. నాయన పోయినప్పుడు, అమ్మ పోయినప్పుడు వచ్చి ఏడ్చి పోయాను. ఈస్టర్‌కు మాత్రం ఒక్కసారైనా రమ్మనలేదు. సమాధుల తోట వాకిట్లో ఏడాదికి మొదటి హల్లెలూయ ఎత్తుకునేది నువ్వు. నేనెందుకు మధ్యలో? ఇప్పుడెందుకు పిలుస్తున్నావో ఆ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు.

పాట అంటావా, నాకు రాగం గుర్తు లేదు. మరచిపోయాను. ఈస్టర్ రోజు మా బాప్టిస్టు సంఘంలో మాకూ ఆరాధన ఉంటుంది. రాలేను.

నువ్వేదో దాస్తున్నావు. చెప్పదలిస్తే చెప్పు.

విశ్వాసమ్మ


రాళ్లమిట్ట
మార్చి 6

అక్కకు,

నిన్న భస్మ బుధవారం. శ్రమ దినాలు మొదలయ్యాయి. ఆదివారం ఆరాధన చివర, నేను ఏడాదికి మొదట ఎత్తుకుంటానని నువ్వు రాసిన ఆ మాట కుట్టిన గుడ్డను మడిచి బలిపీఠం కింద పెట్టెలో పెట్టాం. ఇక ఈస్టర్ తెల్లవారే దాకా మన లూథరన్ సంఘంలో ఆ మాట పాటలోనూ రాదు, ప్రార్థనలోనూ రాదు. నాయన ఉపదేశిగా ఉన్నప్పుడు ఎంత కచ్చితంగా జరిగేదో ఇప్పుడూ అంతే. అందుకే నేను కూడా ఇక్కడ ఆ మాట రాయడం లేదు.

ఆ గుడ్డ ఏదో నీకు తెలుసా? నువ్వు ఎనిమిదో తరగతిలో కుట్టిందే. ఎర్ర దారం వెలిసి గులాబీ రంగుకు తిరిగింది. నాయన బతికున్నన్నాళ్లు తానే మడిచేవాడు, ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు.

ఇక దాచను. నాకు చెవులు పోయాయి అక్కా. ఇరవై రెండేళ్లు బోరు బండ్ల మీద పనిచేశాను. ఆ మోతలో మెల్లమెల్లగా పోతూ వచ్చింది. కడపలో డాక్టరు చూసి మిషన్ పెట్టాడు. అది పెట్టుకుంటే రేకు డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టుంటుంది, మాట తెలియదు, రాగం అసలే తెలియదు. బావ పడ్డాడని నువ్వు చెప్పింది నాకు వినపడలేదు. ఏదో శుభవార్త చెబుతున్నావనుకున్నాను. బావకు నా తరఫున చేతులు జోడించి చెప్పు.

పోయిన ఈస్టర్ సంగతి కూడా చెబుతాను. తోట వాకిట్లో ఎప్పటిలాగే నేనే పాట ఎత్తుకున్నాను. అందరూ నాతో కలిసి పాడుతున్నారనే అనుకున్నాను. తలలో రాగం ఉంది కదా, చుట్టూ అందరి గొంతులు కూడా అక్కడే వినపడుతున్నట్టు ఉండింది. పండుగైన వారానికి శామ్ తన ఫోన్లో తీసింది చూపించాడు. నాకు శబ్దం లేదు, బొమ్మ మాత్రమే. నోళ్లన్నీ మూసుకొని ఉన్నాయి. పాటల వాళ్లు పదకొండు మందిలో ఒక్కరి పెదవీ కదలడం లేదు. దీవెనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది. మిగిలినవాళ్లు తలలు వంచుకొని ఉన్నారు. నేనొక్కడినే చేయి పైకెత్తి పాడుతున్నాను.

మనవరాలు ఆరాధనను అడిగితే నోటుబుక్కులో రాసి చూపించింది. "తాతా, చాలా పైకి ఎత్తుకున్నావు. ఎవరికీ అందలేదు. తర్వాత రాగం ఎక్కడికో పోయింది. బాధపడతావని ఎవరం చెప్పలేదు" అని.

ఆ పాట ఏ పుస్తకంలోనూ లేదు. రెండో చరణంలో ఆ మాట ఏడు మలుపులు తిరిగి పైకి పోయే చోటు నాయన కట్టింది. అది తెలిసినవాళ్లం ఇద్దరమే మిగిలాం. నేను ఇక పాడకూడదు. నువ్వు మరచిపోయాను అంటున్నావు. అయితే అది పోయినట్టే.

దాసన్న


ఓర్వకల్లు
మార్చి 12

దాసన్నా,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపిద్దామని మొదలుపెట్టి సగంలో ఆపేశాను. మిగిలింది ఆయనే చదువుకున్నాడు. "వాణ్ణి ఏమీ అనొద్దు, నేను పడింది మూడు నెల్ల కిందట, నొప్పి కూడా మర్సిపోయినా" అని చెప్పమన్నాడు. నేనే నీకు కఠినంగా రాశాను. క్షమించు.

ఆ గుడ్డ ఇంకా ఉందా? చోటు చాలక చివరి అక్షరం కిందికి జారి ఉంటుంది. బడిలో కుట్టు నేర్పిన సిస్టరమ్మ ఊడదీసి మళ్లీ కుట్టమంటే నాయనే వద్దన్నాడు. నన్ను పాడనివ్వని మనిషి నా కుట్టు మాత్రం ఎందుకు దాచుకున్నాడో నాకు అర్థం కావడం లేదు. ఈ రెండు రోజులూ అదే తలచుకుంటున్నాను.

నీకు గుర్తుందో లేదో, ఆ ఏడు ఏం జరిగిందో రాస్తాను. పెళ్లై ఇక్కడికి వచ్చాక, ఈ సంఘంలో ప్రభు భోజనం తీసుకోవాలంటే మునిగి బాప్తిస్మం పొందాలన్నారు. కె.సి. కాలువలో మునిగి లేచాను. పసిబిడ్డగా ఉన్నప్పుడు నాయన ఇప్పించింది చాలదని కాదు, ఇక్కడ అందరితో కలిసి ఆ బల్ల దగ్గర కూర్చోవాలని. తరువాత ఈస్టర్‌కు ఎంత ఆశగా వచ్చానో! పన్నెండేళ్లప్పటి నుంచి ఆ పాట ఎత్తుకున్నది నేనే. వాకిట్లో కొవ్వొత్తి పట్టుకొని గొంతు సవరించుకుంటుంటే నాయన అందరి ముందూ అన్నాడు: "నేను ఎత్తుకోని ఇప్పిచ్చిన బాప్తిస్మం సాల్లేదు గదమ్మా నీకు. ఇంగ ఈ పాట ఎందుకులే." అని చేయి నీవైపు చూపాడు. "దాసన్నా, నువ్వెత్తు" అన్నాడు. నువ్వు ఎత్తుకున్నావు.

నేను రాలేను దాసన్నా. కోపం కాదు, ఆ వాకిట్లో మళ్లీ నిలబడటం నావల్ల కాదు. ఆరాధన బాగా పాడుతుందని శామ్ చెప్పాడు. దానికి నువ్వే నేర్పు.

ఇంతకీ ఆ మాట రాయడానికి కూడా భయమేనా నీకు? హల్లెలూయ, హల్లెలూయ, హల్లెలూయ. ఇదిగో, మూడుసార్లు రాశాను. మా ఇంటి కప్పు ఏమీ కూలలేదు.

అక్క


రాళ్లమిట్ట
మార్చి 18

అక్కా,

నువ్వు మూడుసార్లు రాసిన చోట బొటనవేలు అడ్డం పెట్టుకొని చదివాను. నవ్వుకో.

ఆరాధనకు నేర్పమన్నావు. జనవరిలోనే మొదలుపెట్టాను. మూడు రోజులు నేర్పాను. నాలుగో రోజు కోడలు వచ్చి నోటుబుక్కులో రాసింది, మామా, మూడు రోజులూ మూడు రాగాలు పాడారని. పిల్ల తప్పు పాడిందో ఒప్పు పాడిందో నాకెలా తెలుస్తుంది? బాగుంది బాగుంది అని తల ఊపుతూ వచ్చాను. ఇప్పుడు శ్రమ దినాలు. నేర్పగలిగినవాళ్లు ఉన్నా మన ఊళ్లో ఇప్పుడు ఆ పాట నోట పలకకూడదు. ఈస్టర్ తెల్లవారితే గానీ పలకకూడదు, అప్పటికి నేర్చుకునే టైం ఉండదు.

అది పక్కన పెట్టు. నీకు ఒక సంగతి చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నాయన చేయి నావైపు చూపినప్పుడు నేను వెనక్కి తగ్గి ఉండాల్సింది. "అక్క ఉండాది గదా నాయనా" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నాయనకు భయపడ్డానని అందరూ అనుకున్నారు, నువ్వూ అదే అనుకొని ఉంటావు. భయం కాదక్కా. సంతోషపడ్డాను. ఏళ్ల తరబడి నీ వెనక నిలబడి ఆ పాట విన్నవాణ్ణి. నాకు ఎప్పుడు వస్తుందా అని లోపల ఆశ ఉండేది. వచ్చింది. కొవ్వొత్తి వెలుగులో నీ ముఖం నాకు కనిపిస్తూనే ఉంది. చూస్తూనే పాడాను. బాగా పాడావని అందరూ వీపు తడితే పొంగిపోయాను.

నీది తీసుకొని ఇన్నేళ్లు ఉంచుకున్నాను. నాకు పనికిరాకుండా పోయాక ఇప్పుడు తీసుకో అంటున్నాను. ప్రతి ఈస్టర్‌కూ నిన్ను పిలవాలనుకునేవాణ్ణి, ముఖం చెల్లేది కాదు. క్షమించమని అడుగుతున్నాను. నువ్వు వచ్చినా రాకపోయినా క్షమించు.

దాసన్న


ఓర్వకల్లు
మార్చి 23

దాసన్నా,

పిల్లను మా ఇంటికి పంపించు.

మీ ఊళ్లో ఆ మాట పలకకూడదు సరే. మాకు అలాంటి నియమం లేదు. మేము ఏడాది పొడుగునా హల్లెలూయ పాడుతూనే ఉంటాం, శ్రమ దినాలని ఆపేది లేదు. మా ఇంట్లో కూర్చొని రోజుకు పదిసార్లు పాడినా మీ పెట్టెలో గుడ్డ కదలదు. పరీక్షలు అయిపోయాయట కదా. బద్వేలులో మైదుకూరు బస్సెక్కి, అక్కడ నంద్యాల బస్సు, నంద్యాలలో కర్నూలు బస్సెక్కితే ఓర్వకల్లులో దిగవచ్చు. మీ బావ బస్టాపులో ఉంటాడు.

మరచిపోయానని రాసింది అబద్ధం. నాకూ చేతకాదు అబద్ధం. ప్రతి ఈస్టర్ తెల్లవారుజామున మీరు తోటకు పోయే వేళకు లేచి, పొయ్యి వెలిగించి, టీ నీళ్లు మరిగేలోపల ఆ పాట మొదటి నుంచి చివరిదాకా లోగొంతుకతో పాడుకుంటాను. ఏడు మలుపులూ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు.

నువ్వు రాసింది చదివాను. నిజం చెప్పినందుకు ఏడ్చాను. భయపడి పాడావని అనుకున్నన్నాళ్లు నీ మీద జాలి పడేదాన్ని, కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకపోయింది. ఇప్పుడు రెండు రోజులు బాగా కోపం తెచ్చుకున్నాను. తీరిపోయింది. క్షమించాను. నీ జాగాలో నేనున్నా సంతోషపడేదాన్నే, అంత మంచి పాట అది.

అక్క


రాళ్లమిట్ట
మార్చి 29

అక్కా,

ఈ ఉత్తరం ఆరాధన చేతికే ఇచ్చి పంపిస్తున్నాను.

నాకు మనసు ఒప్పక రెండు రోజులు ఆలోచించాను. మన సంఘం పిల్ల శ్రమ దినాల్లో ఇంకో ఊరికి పోయి ఆ మాట పాడి వస్తే అది నియమం తప్పడమా, తప్పకపోవడమా? చివరికి నీ ఉత్తరం తీసుకుపోయి పాస్టరయ్యగారికి చూపించాను. ఆయన చదివి చాలాసేపు నవ్వారు, నాకు వినపడలేదు గానీ భుజాలు కదిలాయి. నోటుబుక్కులో ఇలా రాశారు: "మన పెట్టెకు తాళం మన ఊళ్లోనే. పిల్లను బస్సెక్కించండి."

అక్కా, నాయన ఉండి ఉంటే ఏమనేవాడో! నిన్ను ఏ ఇంటికి పోయావని తప్పు పట్టాడో, ఇప్పుడు ఆయన పాట బతకాలంటే ఆ ఇంట్లోనే నేర్చుకోవాల్సి వచ్చింది. అది తలచుకుంటే నాకు నవ్వు వస్తుంది, కళ్లలో నీళ్లూ వస్తాయి.

పిల్లకు టీలో చక్కెర ఎక్కువ వేయాలి. కోడి కూర తినదు. కుదురుగా కూర్చోదు, ఫోన్ లాక్కో.

దాసన్న


ఓర్వకల్లు
ఏప్రిల్ 11

దాసన్నా,

నీ మనవరాలు కుదురుగా కూర్చోదని రాశావు. నాకు అదే చాలా బాగుంది. పాట కూడా నడుస్తూనే నేర్చుకుంది. పొద్దున బండల గుట్ట వైపు ఇద్దరం నడుస్తూ పాడుకుంటాం. పైన విమానం పోతే ఆగి, అది పోయాక మళ్లీ అందుకుంటాం.

మొదటి రోజు మాత్రం నాకు నోరు రాలేదు. అన్నేళ్లు లోగొంతుకతో పాడింది గట్టిగా పాడాలంటే సిగ్గేసింది. అప్పుడు మీ బావ మంచం మీద నుంచి ఏమన్నాడో తెలుసా? "ఏటా ఈస్టర్‌కు పొయ్యి కాడ సన్నగా పాడతాంటివి గదా. అట్లే పాడు." "నువ్వు నిద్రలో ఉండేవాడివి గదా" అన్నాను. "యాడ నిద్ర? కండ్లు మూసుకోని ఇంటాంటి. నేను లేస్తే నువ్వు యాడ ఆపేస్తావో అని" అన్నాడు. నలభై ఏళ్లు ఆ మనిషి ఒక్క మాట చెప్పలేదు. ఆ పూట పాట సాగలేదు. పిల్ల మా ఇద్దరి ముఖాలూ చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు ఏడు మలుపులూ వచ్చాయి దానికి. అయిదోది తొందరపడుతుంది, అది వయసు. నిన్న బావ విని, "మీ లూథరన్లు దీన్ని నలబై దినాలు పెట్టెలో పెట్టి ఉగ్గబట్టుకోనుంటారు గాబట్టే, తీసినప్పుడు ఇట్ల వస్తాదేమో" అన్నాడు. ఈ ఇంట్లో ఆ నియమానికి దొరికిన మొదటి మెప్పు ఇదే, రాసిపెట్టుకో.

ఈస్టర్ ముందు శనివారం సాయంత్రానికి పిల్లను తీసుకొని నేను వస్తాను. పిల్లను అప్పగించడానికే. వెనక వరసలో నిలబడి చూసి, ఆదివారం మధ్యాహ్నం బస్సుకు వచ్చేస్తాను. పాటకు దాన్ని పిలువు, నన్ను పిలవొద్దు. మాట ఇవ్వు.

అక్క


రాళ్లమిట్ట
ఏప్రిల్ 23

అక్కా,

హల్లెలూయ. ఇప్పుడు రాయవచ్చు కాబట్టి మొదటే రాశాను.

నీ చివరి ఉత్తరానికి నేను జవాబు రాయలేదు. మరచిపోయి కాదు. మాట ఇవ్వమన్నావు, ఇస్తే తప్పాల్సి వస్తుందని ఇవ్వలేదు. ఆదివారం నువ్వు బస్సుకు తొందరపడ్డావు, చేతులతో చెప్పుకోవడానికి కుదరలేదు. అందుకే నేను చూసింది రాస్తున్నాను. వినలేదు గానీ చూడటం బాగానే చూశాను.

తోట వాకిట్లో అందరూ ఆరాధన వైపు చూస్తున్నారు. దీవెనమ్మ పెట్టె లోంచి గుడ్డ తీసి విప్పింది. చివరి అక్షరం జారే ఉంది. నువ్వు వెనక వరసలో గోడకు ఆనుకొని నిలబడి ఉన్నావు. పాట ఎవరు ఎత్తాలో చేయి చూపాల్సింది పాటల పెద్దగా నేనే కదా. నాయన ఎక్కడ నిలబడ్డాడో అక్కడే నిలబడ్డాను. నీవైపు చేయి చూపి, "అక్కా, నువ్వెత్తు" అన్నాను. గట్టిగా అన్నానో మెల్లగా అన్నానో నాకు తెలియదు. అందరూ ఒక్కసారి ఉలిక్కిపడి తిరిగారు కాబట్టి గట్టిగానే అని ఉంటాను.

నువ్వు కదలలేదు. ఇంత పని చేశానే అనుకున్నాను. అప్పుడు ఆరాధన పోయి నీ చేయి పట్టుకొని ముందుకు తెచ్చింది. నువ్వు నాయన సమాధి వైపు ఒకసారి చూశావు. నోరు తెరిచావు.

దీవెనమ్మ నోరు తెరుచుకుంది. తరువాత ఆరాధనది, శామ్‌ది, పాస్టరయ్యది. వరస వెంట చూసుకుంటూ పోయాను. మూసుకున్న నోరు ఒక్కటి కూడా లేదు. చంకలో పిల్లలు కూడా నోళ్లు తెరిచి చూస్తున్నారు. ఆ ఏడు మలుపులు నీ గొంతు మీద నరంలో కనిపించాయి నాకు, ఒక్కొక్కటీ లెక్కపెట్టాను.

నేను పాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అయితే నువ్వు నా ఎదురుగా వచ్చి నిలబడ్డావు. నా ముఖంలోకి చూస్తూ, మాట మాటకూ పెదవులు బాగా కదిలిస్తూ పాడావు. నీ నోటిని చూస్తూ నేనూ అందుకున్నాను. ఆపుకోలేకపోయాను.

ఇప్పుడు అడుగుతున్నాను, దాచకుండా రాయి. ఇక్కడ ఎవరినడిగినా బాగుంది బాగుంది అని తల ఊపుతున్నారు. పోయిన ఏడూ ఇట్లాగే ఊపారు. నేను శ్రుతిలో ఉన్నానా?

నీ తమ్ముడు
దాసన్న


ఓర్వకల్లు
ఏప్రిల్ 29

దాసన్నా,

వచ్చే ఏడు ఆ గుడ్డను మడిచే ఆదివారం ఎప్పుడో ముందుగా రాయి. నేను వచ్చి మడుస్తాను. మీ బావ కూడా వస్తానంటున్నాడు, నియమం ఎట్లా మొదలవుతుందో చూడాలట.

నువ్వు అడిగావు కాబట్టి నిజం రాస్తున్నాను. శ్రుతిలో లేవు. బాగా తప్పావు. నేను ఎత్తుకున్న దానికి నువ్వు చాలా కిందికి అందుకున్నావు. రెండు మూడు మాటల దాకా నువ్వొక దారి, మేమొక దారి.

నీ ముఖం చూస్తే నిన్ను ఆపడానికి నాకు మనసు రాలేదు. పాట వదలకుండానే నేను మెల్లగా నీ శ్రుతికి దిగాను. ఆరాధన నావైపు ఒకసారి చూసి అదీ దిగింది. దాని వెనక దీవెనమ్మ, ఆమె వెనక అందరూ. పోయిన ఏడు నీ శ్రుతి వాళ్లకు అందలేదు. ఈ ఏడు రెండో చరణం మొదలుకొని చివరిదాకా సంఘమంతా పాడింది నీ శ్రుతిలోనే.

అక్క
విశ్వాసమ్మ